ఫ్లైఓవర్ కట్టడం తేలిక, లింకు రోడ్డు వెయ్యడమే కష్టం

కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీ నుంచి మాదాపూర్‌కు పటం మీద తిన్నగా గీత గీస్తే అయిదారు కిలోమీటర్లే. ఆ గీత వెంట వెళ్ళే రోడ్డు మాత్రం చాలా ఏళ్ళు లేదు. మధ్యలో లింగంపల్లి వైపు పోయే రైలు పట్టాలు అడ్డం. వాటిని దాటాలంటే హైటెక్ సిటీ స్టేషన్ దగ్గరికి పోవాలి, కాదంటే మూసాపేట, బోరబండ చుట్టూ తిరగాలి. జనం ఉండేది పట్టాలకు ఇవతల, వాళ్ళ ఉద్యోగాలేమో అవతల. దాటే దారులు మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. 2022 జూన్‌లో కైతలాపూర్ దగ్గర పట్టాల మీద ఒక వంతెన తెరిచాక ఆ తిప్పలు కొంత తగ్గాయి. దాని పొడవు కిలోమీటరు లోపే.

ఆ వంతెన పేరు హైదరాబాద్‌లో ఎంతమందికి తెలుసు? దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి మాత్రం అందరికీ తెలుసు. 2020 సెప్టెంబరులో దాన్ని తెరిచాక సెల్ఫీల కోసం జనం ఎగబడితే, వారాంతాల్లో బండ్లను ఆపేసి మనుషులను నడవనిచ్చారు. రోడ్డు కోసం కట్టిన వంతెన మీద రోడ్డు పని ఆపాల్సి వచ్చిందన్నమాట. దాన్ని తక్కువ చెయ్యడం లేదు. జూబ్లీహిల్స్‌కూ మైండ్‌స్పేస్‌కూ మధ్య చెరువు అడ్డం ఉంటే దాని మీదుగా దారి వేశారు, అదీ ఒక లింకే. కానీ ఇన్నేళ్ళుగా హైదరాబాద్ రోడ్ల గురించి మనం మాట్లాడుకునేదంతా ఇలా ఫొటోలో పడే కట్టడాల గురించే. ట్రాఫిక్ ఎందుకు ఆగుతోందో చెప్పే సంగతి ఫొటోల్లో పడదు. అది రెండు కాలనీల మధ్య ప్రహరీ గోడలో ఉంటుంది, సర్వే నంబర్ల హద్దుల్లో ఉంటుంది, మాస్టర్ ప్లాన్‌లో రంగు గీతగా మిగిలిపోయిన వంద అడుగుల రోడ్డులో ఉంటుంది.

ఏ నగరంలోనైనా రోడ్లకు మూడు రకాల పనులుంటాయి. దూరం వెళ్ళే బండ్లను మోసేది పెద్ద రోడ్డు. ఇంటి గుమ్మం దాకా వచ్చేది గల్లీ. ఈ రెండింటినీ కలిపే అరవై, ఎనభై అడుగుల నడిమి రోడ్లు మూడో రకం. స్కూలు బస్సు, పాల వ్యాను, పక్క కాలనీలో డాక్టరు దగ్గరికి వెళ్ళే స్కూటరు తిరగాల్సింది ఈ మూడో రకం మీద. హైదరాబాద్‌లో పెద్ద రోడ్లు ఉన్నాయి, గల్లీలకైతే లెక్కే లేదు. లేనిది నడిమి రోడ్డే, ముఖ్యంగా పడమటి వైపు. అందుకే కొండాపూర్‌లో ఉండే మనిషి కిలోమీటరు దూరంలోని కూరగాయల మార్కెట్‌కు వెళ్ళాలన్నా కొత్తగూడ మెయిన్ రోడ్డెక్కుతాడు. మియాపూర్ నుంచి గచ్చిబౌలి వెళ్ళే సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, సిమెంటు లారీ, ఈ కూరగాయల స్కూటరు ఒకే సిగ్నల్ దగ్గర నిలబడతారు. రోడ్డు ఇరుకై ఆగారనుకుంటాం. స్కూటరుకు ఆ రోడ్డుతో పనే ఉండకూడదన్న సంగతి మనకు తట్టదు.

ఈ నడిమి రోడ్డు ఎలా మాయమైంది? నిజానికి అది ఎప్పుడూ పుట్టలేదు. మాదాపూర్‌లో 1998లో సైబర్ టవర్స్ తెరిచేనాటికి చుట్టూ ఉన్నవి రాళ్ళగుట్టలు, కుంటలు, వ్యవసాయ భూములు. ఆ భూములు ఊరు మొత్తంగా ఒక ప్లాన్ ప్రకారం నగరం కాలేదు, సర్వే నంబరు తర్వాత సర్వే నంబరుగా అయ్యాయి. ఒక రైతు నాలుగెకరాలు అమ్మాడు, కొన్నాయన వెంచర్ వేశాడు. ముప్పై అడుగుల రోడ్లు రెండు, అడ్డంగా మరొకటి గీసి ప్లాట్లు చేశాడు. మూడేళ్ళకు పక్క రైతు ఆరెకరాలు అమ్మాడు. ఆ కొన్నాయన గీసిన రోడ్డు మొదటి వెంచర్ రోడ్డుకు ఎదురుగా వస్తే అదృష్టం. చాలాసార్లు పదిహేను అడుగులు పక్కకు జరిగి వస్తుంది, లేదంటే రోడ్డు ఉండాల్సిన చోట ఒక ప్లాటు అమ్ముడైపోయి ఉంటుంది. తర్వాత రెండు కాలనీల సంఘాలూ తమ తమ హద్దుల్లో గోడలు కట్టుకుంటాయి, బయటి బండ్లు రాకూడదని. వెనకింటివాళ్ళ కుక్కర్ కూత మీకు వినపడుతుంది. బండి మీద ఆ ఇంటికి పోవాలంటే మాత్రం మెయిన్ రోడ్డు దాకా వచ్చి, యూటర్న్ కొట్టి, రెండో గేటులోంచి వెళ్ళాలి.

ఇందులో రియల్టరును ఒక్కణ్ణే తిట్టి లాభం లేదు. లేఅవుట్ నిబంధనలు లోపలి రోడ్లు ఎంత వెడల్పుండాలో చెబుతాయి, పదో వంతు జాగా ఖాళీగా వదలమంటాయి, రోడ్లను స్థానిక సంస్థకు గిఫ్ట్ డీడ్ రాసివ్వమంటాయి. ఈ రోడ్డు అవతలి భూమిలోకి ఎలా సాగాలన్నది చూడాల్సింది ప్లాన్ వేసే యంత్రాంగం. కూకట్‌పల్లి, శేరిలింగంపల్లి వంటివి 2007 దాకా వేరే మున్సిపాలిటీలు. ఆ ఏడాది పన్నెండు మున్సిపాలిటీలను కలిపి జీహెచ్ఎంసీ చేశారు. అంతకుముందు ఎవరి అనుమతులు వాళ్ళవి. ఇంకా బయటికి పోతే గ్రామ పంచాయతీ సంతకంతో నడిచిన లేఅవుట్లు, అదీ లేనివి కూడా. వాటిని తర్వాత ఎల్ఆర్ఎస్ పేరుతో క్రమబద్ధీకరిస్తూ వచ్చారు. 2020 నాటి పథకానికి రాష్ట్రమంతటా సుమారు పాతిక లక్షల దరఖాస్తులు వచ్చాయి. ఎల్ఆర్ఎస్ కట్టాక ప్లాటుకు కాగితం వస్తుంది, ఖజానాకు డబ్బొస్తుంది. ఎక్కడో ఆగిపోయిన రోడ్డు మాత్రం ఆగినచోటే ఉంటుంది.

మరి మాస్టర్ ప్లాన్ లేదా అంటే, ఉంది. ఒకటి కాదు, అయిదు. పాత నగరపాలక పరిధికి ఒకటి, పూర్వపు నగరాభివృద్ధి సంస్థ హుడాకు ఒకటి, సైబరాబాద్ అభివృద్ధి సంస్థది, విమానాశ్రయ ప్రాంతానిది, వీటి బయట విస్తరించిన మెట్రోపాలిటన్ ప్రాంతానికి 2013 జనవరిలో నోటిఫై చేసిన 2031 ప్లాన్. 2025లో పరిధి పెంచకముందు దాదాపు ఏడు వేల చదరపు కిలోమీటర్లున్న హెచ్ఎండీఏ (మహానగరాభివృద్ధి సంస్థ) ప్రాంతాన్ని ఈ అయిదూ పంచుకున్నాయి. వీటిలో రోడ్లు బాగానే గీశారు. చిక్కంతా ఆ గీత నేల మీదికి దిగే దారిలో ఉంది. మాస్టర్ ప్లాన్‌లో మీ పొలం మీదుగా వంద అడుగుల రోడ్డు గీశారంటే ప్రభుత్వం ఆ భూమిని కొన్నట్టు కాదు. కొంటుందన్న హామీ కూడా అందులో లేదు. మీరు ఆ జాగాలో కట్టడానికి అనుమతి రాదు, అంతే. రోడ్డు రావాలంటే ఎవరో, ఎప్పుడో ఆ భూమిని చేతిలోకి తీసుకోవాలి. దానికి ముఖ్యంగా మూడు దారులున్నాయి.

మొదటిది డబ్బిచ్చి తీసుకోవడం. 2014 నుంచి అమల్లో ఉన్న భూసేకరణ చట్టం ప్రకారం పట్టణాల్లో మార్కెట్ విలువ కట్టి, దాని మీద నూరు శాతం సొలేషియం, అంటే అదనపు పరిహారం, కలిపి ఇవ్వాలి. అది న్యాయమే, అంతకుముందు రైతులకు జరిగిన అన్యాయం తక్కువదేం కాదు. కానీ నగరం నడిబొడ్డున ఆ లెక్క ఎక్కడికి పోతుందో పాతబస్తీ మెట్రో చూపించింది. అక్కడ రోడ్డు వెడల్పులో పోయే ఆస్తులకు గజానికి 81,000 రూపాయలు ఖాయం చేశారు. వంద గజాల దుకాణానికి 81 లక్షలు, కట్టడం విలువ వేరే. ఈ లెక్కన రెండు కిలోమీటర్ల లింకు రోడ్డుకు తారు కన్నా నేలే ఎన్నో రెట్లు ఖరీదు. పైగా ముప్పై మంది యజమానుల్లో ఒక్కరు కోర్టుకెళ్ళినా ఇరవై తొమ్మిది మంది ఇచ్చిన జాగా ముక్కలుగా పడి ఉంటుంది.

రెండోది పర్మిషన్ కోసం వచ్చినప్పుడు తీసుకోవడం. మీరు కొత్తగా ఇల్లు కట్టాలని వెళ్తే, రోడ్డు వెడల్పులో పోయే భాగాన్ని గిఫ్ట్ డీడ్ రాసి ఇచ్చాకే అనుమతి. ఖజానా నుంచి పైసా పోదు కాబట్టి అధికారులకు ఇది ఇష్టం. అయితే అందరూ ఒకేసారి కొత్త ఇల్లు కట్టరు. ఏ పాత మెయిన్ రోడ్డు మీదైనా ఒకసారి గమనించి చూడండి. కొత్త కాంప్లెక్స్ పది అడుగులు వెనక్కి జరిగి ఉంటుంది. దాని పక్కన 1980ల నాటి రెండంతస్తుల ఇల్లు పాత హద్దు మీదే ఉంటుంది. ఆ పక్కది మళ్ళీ లోపలికి. రోడ్డు అంచు పళ్ళూడిన దువ్వెనలా తయారవుతుంది. వెనక్కి జరిగినచోట వచ్చిన జాగా ట్రాఫిక్‌కు పనికిరాదు, ఎందుకంటే పది గజాల ముందు మళ్ళీ ఇరుకే. అందులో బండ్లు పార్క్ చేస్తారు, చాయ్ బండి పెడతారు, ట్రాన్స్‌ఫార్మర్ దిగుతుంది. ఇరవై ఏళ్ళకు చివరి ఇల్లు కూడా జరిగేనాటికి ఆ జాగా మీద ఎవరెవరికో హక్కులు పుట్టి ఉంటాయి.

మూడోది టీడీఆర్. నేల బదులు డబ్బు కాకుండా, మరెక్కడైనా అదనంగా కట్టుకునే హక్కును కాగితం మీద ఇస్తారు. తెలంగాణలో రోడ్డు కోసం జాగా ఇచ్చినవాళ్ళకు దీన్ని నాలుగు రెట్ల దాకా పెంచారు. యజమాని దాన్ని బిల్డర్‌కు అమ్ముకోవచ్చు. చదవడానికి చక్కని ఏర్పాటు. అయితే హైదరాబాద్‌లో దీని కాళ్ళను మరో నిర్ణయం కట్టేసింది. ముంబయిలో ఎంత స్థలంలో ఎంత కట్టొచ్చో ఎఫ్ఎస్ఐ పేరుతో పరిమితి ఉంది. అది దాటాలంటే టీడీఆర్ కొనాలి కాబట్టి దానికి గిరాకీ. హైదరాబాద్‌లో 2006 నుంచి ఆ పరిమితే లేదు. ముందున్న రోడ్డు తగినంత వెడల్పుండి, చుట్టూ సెట్‌బ్యాక్‌గా ఖాళీ జాగా వదిలితే ఎన్ని అంతస్తులైనా లేపొచ్చు. ఉచితంగానే ఆకాశం దొరుకుతుంటే డబ్బు పెట్టి కాగితాలు కొనేవాడెవడు? టీడీఆర్‌కు గిరాకీ పుట్టించడానికి తర్వాత నిబంధనలు మారుస్తూ వస్తున్నారు గానీ, మూలం అదీ. ఒక చేత్తో ఇచ్చిన వరం రెండో చేతిలోని బేరాన్ని చెడగొట్టింది.

ఇప్పుడు అధికారి కుర్చీలో కూర్చుని చూద్దాం. జంక్షన్‌లో రోజూ జామ్. ఫోన్లు, పేపర్లో ఫొటోలు, మంత్రిగారి ప్రశ్నలు. కింద లింకు రోడ్డు వెయ్యాలంటే ముప్పై మందిని ఒప్పించాలి, కోర్టులు తిరగాలి, అయిదేళ్ళకైనా పూర్తవుతుందన్న నమ్మకం లేదు. ఫ్లైఓవర్‌కైతే ఉన్న రోడ్డు మధ్యలోనే స్తంభాలు. ర్యాంపుల దగ్గర కాస్త జాగా చాలు. ఒక టెండరు, ఒక కంపెనీ, రెండు మూడేళ్ళు, ఆ తర్వాత రిబ్బను. నేనైనా ఫ్లైఓవర్ ఫైలు మీదే సంతకం పెడతాను. 2015లో మొదలైన ఎస్‌ఆర్‌డీపీ అనే రోడ్ల అభివృద్ధి పథకం కింద ఎల్బీనగర్ నుంచి మైండ్‌స్పేస్ దాకా వరుసగా లేచిన ఫ్లైఓవర్లు, అండర్‌పాస్‌ల వెనక ఇంజినీరింగ్ ఎంత ఉందో ఈ లెక్కా అంతే ఉంది. నేల మీద జాగా దొరకని నగరం గాలిలోకి పోతుంది.

పోతే ఏమవుతుందో చిన్న లెక్క వేద్దాం. పచ్చ లైటు వెలుగుతున్నంతసేపూ ఒక వరుసలో గంటకు సుమారు 1,800 కార్లు దాటగలవని ట్రాఫిక్ ఇంజినీర్ల పుస్తక లెక్క. నాలుగు వైపుల జంక్షన్‌లో మూడు నిమిషాల సిగ్నల్ ఉందనుకోండి. ఎరుపు, పసుపు మార్పులు పోను ఒక్కో వైపుకూ నలభై సెకన్ల పచ్చ దొరుకుతుంది. మూడు వరుసల రోడ్డు మీద గంటకు 1,200 కార్లు దాటతాయి. ఇక్కడ ఫ్లైఓవర్ కడితే సిగ్నల్ ఉండదు, రెండు వరుసల మీదే 3,600 పోతాయి. మూడు రెట్లు! ప్రారంభోత్సవం రోజు అందరూ చెప్పేది ఈ సంఖ్యే. అయితే ఆ 3,600 కార్లూ దిగేది కిలోమీటరు అవతలి సిగ్నల్ దగ్గర, దాని శక్తి ఇంకా 1,200 మాత్రమే. నిన్నటిదాకా మొదటి జంక్షన్‌లో ఆగిన బండ్లు ఇప్పుడు రెండో జంక్షన్‌లో, కొన్నిసార్లు ఫ్లైఓవర్ మీదే ఆగుతాయి. మన రోడ్ల మీద సగం బైకులే కాబట్టి అసలు అంకెలు వేరుగా ఉంటాయి గానీ తీరు ఇదే. రెండో జంక్షన్‌కూ ఫ్లైఓవర్ కావాలని డిమాండ్ మొదలవుతుంది. బయోడైవర్సిటీ, మైండ్‌స్పేస్, శిల్పా లేఅవుట్, కొత్తగూడ... పడమటి వైపు ఫ్లైఓవర్లు ఒకదాని పక్కన ఒకటి పుట్టుకొచ్చిన క్రమం చూస్తే ఈ గొలుసు కనిపిస్తుంది.

ఉన్న రోడ్డులోనే ఇరికించి కడితే వంపులు కూడా తప్పవు. బయోడైవర్సిటీ జంక్షన్‌లో రెండో అంతస్తు ఫ్లైఓవర్‌ను 2019 నవంబరు 4న తెరిచారు. అదే నెల 23న ఒక కారు వంపు దగ్గర అదుపు తప్పి కిందపడి, కింద నిలబడి ఉన్న మహిళ చనిపోయింది. కారు వేగం మితిమీరిందన్నారు, వంపు మీదా విమర్శలు వచ్చాయి. ఫ్లైఓవర్ మూసి, వేగం తగ్గించే ఏర్పాట్లు చేసి, 2020 జనవరిలో మళ్ళీ తెరిచారు. ఊరి మధ్యలో సిగ్నల్ లేని రోడ్డు కట్టి, దాని మీద 40 కిలోమీటర్లకు మించి పోవద్దని బోర్డు పెట్టుకోవడం.

ఫ్లైఓవర్ అంటేనే దండగని కాదు. మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే 2009 నుంచి తన పని చక్కగా చేస్తోంది. విమానాశ్రయం వైపు పోయేవాళ్ళను కింది బజార్ల నుంచి విడదీసింది, దిగేచోట విశాలమైన దారి ఉంది. కైతలాపూర్ వంతెనా అంతే, రైలు పట్టాలను నేల మీద దాటలేం కదా. రెండు చోట్ల మధ్య కొత్త దారి వేసే వంతెనకూ, ఉన్న దారి మీదే రెండో అంతస్తు వేసే వంతెనకూ ఉన్న తేడా ఇది. ఈ తేడాను మన బడ్జెట్ ప్రసంగాలు పట్టించుకోవు. ఎన్ని కిలోమీటర్లు, ఎన్ని కోట్లు అనేదే చెబుతాయి.

పరిమితి లేని అంతస్తుల సంగతి ఇంకొంచెం చూడాలి. 2023 ఆగస్టులో కోకాపేట నియోపోలిస్ వేలంలో ఎకరం 100.75 కోట్లు పలికింది. ఎకరానికి నూరు కోట్లు పెట్టినవాడు నాలుగంతస్తులు కట్టి ఊరుకోడు, నలభై యాభై లేపాల్సిందే. నియోపోలిస్ లోపల ప్రభుత్వం వెడల్పాటి రోడ్లే వేసింది, ఔటర్ రింగ్ రోడ్డుకు నేరుగా కలిపింది కూడా. అక్కడి దాకా మెచ్చుకోవాల్సిందే. కానీ అనుమతి ఇచ్చేటప్పుడు చూసేది ఆ టవర్ ముందున్న రోడ్డు ఎన్ని అడుగులని. అదే రోడ్డును చూపించి ఇరవై టవర్లు అనుమతి తెచ్చుకుంటే, ఇరవై టవర్ల కార్లు ఉదయం తొమ్మిదికి ఒకేసారి ఆ రోడ్డు మీదికి దిగితే ఏమవుతుందన్న లెక్క ఒక్కో ఫైలులో రాదు. ఒక్కో ఫైలూ విడిగా సక్రమమే. ఆ భూముల వేలం డబ్బు ఖజానాకు చేరుతుంది, ఆ టవర్ల ట్రాఫిక్ కోసం ఫ్లైఓవర్లు కట్టాల్సింది మళ్ళీ ఆ ఖజానాయే. ఈ చక్రంలో ఎవరూ నష్టపోయినట్టు కనిపించరు, గంటన్నర క్లచ్ తొక్కేవాడు తప్ప.

ఉన్న రోడ్డునే వెడల్పు చేస్తూ పోతే సరిపోదా? హ్యూస్టన్‌లో ఉంటున్న తెలుగువాళ్ళను అడగండి. అక్కడి కేటీ ఫ్రీవేను 2008 నాటికి కొన్నిచోట్ల, పక్క రోడ్లతో కలిపి, 26 వరుసల దాకా పెంచారు. కొన్నేళ్ళకే రద్దీ వేళల్లో ప్రయాణం మళ్ళీ మొదటికొచ్చింది. రోడ్డు ఖాళీగా కనపడితే మనిషి బస్సు మానేసి కారు తీస్తాడు, ఇంకా పది కిలోమీటర్లు దూరంగా ఇల్లు కొంటాడు. వెడల్పు చేసిన రోడ్డు కొత్త ట్రాఫిక్‌ను పుట్టిస్తుంది. హైదరాబాద్‌లో దీనికి తోడు మెట్రో 69 కిలోమీటర్ల దగ్గర ఆగి ఏళ్ళు గడిచాయి, అది కూడా కోకాపేట, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ దాకా రాకుండా రాయదుర్గంలోనే ఆగింది. స్టేషన్ దిగాక నడుద్దామంటే ఫుట్‌పాత్ ఉండదు, షేర్ ఆటో గతి. సిటీ బస్సు ఒకటి మూడు కార్ల జాగా తీసుకుని యాభై, అరవై మందిని మోస్తుంది. ఈ ఒక్క లెక్కకున్న బలం ఏ ఫ్లైఓవర్‌కూ లేదు. అది వేరే వ్యాసానికి తగ్గ విషయం.

మరో అడ్డు గురించి కూడా చెప్పుకోవాలి, దాని మీద నగరపాలక సంస్థకు చెయ్యి ఆడదు. సికింద్రాబాద్ చుట్టూ రక్షణ శాఖ భూములు. ఉత్తరం నుంచి వచ్చే రోడ్లన్నీ కంటోన్మెంట్ సందుల్లోంచి దూరాలి. ప్యారడైజ్ నుంచి డెయిరీ ఫారం వైపు, శామీర్‌పేట వైపు ఎత్తైన రోడ్ల కోసం ఆ భూములు అడుగుతూ ఏళ్ళు గడిచాయి, చివరికి 2024లో గానీ కేంద్రం ఒప్పుకోలేదు. ముప్పై మంది యజమానులున్నా కష్టమే, ఒకే ఒక్క యజమాని ఢిల్లీలో ఉన్నా కష్టమే.

భూమి దగ్గరే చిక్కు ఉందని ఒప్పుకున్న నగరాలు వేరే దారి పట్టాయి. అహ్మదాబాద్‌లో టౌన్ ప్లానింగ్ స్కీం అంటారు. వంద హెక్టార్ల పొలాలను ముందు ఒకే గుడ్డగా లెక్కగడతారు. ప్రతి యజమాని నుంచీ ముప్పై నలభై శాతం తీసి రోడ్లకు, పార్కులకు, బడికి పెడతారు. మిగిలింది చక్కటి ఆకారంలో, రోడ్డు పక్కన ఉండేలా తిరిగి వాళ్ళకే ఇస్తారు. నేల తగ్గుతుంది, విలువ పెరుగుతుంది. రోడ్డు ఎవరి పొలంలోంచి పోవాలన్న గొడవ ఉండదు, ఎందుకంటే అందరూ సమానంగా పోగొట్టుకున్నారు. అక్కడి 76 కిలోమీటర్ల సర్దార్ పటేల్ రింగ్ రోడ్డుకు చాలా భాగం భూమి ఇలాగే వచ్చింది. ఇళ్ళు రాకముందే చెయ్యాలి, అదొక్కటే షరతు.

ఇది మనకు కొత్త కూడా కాదు. 1908 మూసీ వరదల తర్వాత 1912లో నిజాం ప్రభుత్వం పెట్టిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు మురికివాడలను తీసి, పత్తర్‌గట్టీ లాంటి చోట వెడల్పు రోడ్డు, దాని పక్కనే వరుస దుకాణాలు కలిపి కట్టింది. మన రోజుల్లో ఉప్పల్ భగాయత్‌లో హెచ్ఎండీఏ ఎకరానికి వెయ్యి గజాల అభివృద్ధి చేసిన ప్లాటు రైతుకు తిరిగి ఇచ్చింది. కృష్ణ అవతల అమరావతిలో సుమారు 34,000 ఎకరాలు ఇలా పోగు చేశారు. ఆ తర్వాత ప్రభుత్వం మారి పనులు ఆగిపోతే అక్కడి రైతులు ఏళ్ళ తరబడి పడ్డ టెన్షన్ తెలిసినదే. అందుకే మనవైపు రైతు ఇలా భూములు పోగు చేసే పూలింగ్ అనగానే అనుమానంగా చూస్తాడు. పదేళ్ళ పాటు మాట నిలబెట్టుకునే సంస్థ ఉంటేనే ఈ పద్ధతి నడుస్తుంది. ఫ్లైఓవర్‌కు అంత నమ్మకం అక్కర్లేదు.

ఇళ్ళు వచ్చేసినచోట మిగిలేది ముక్కలను అతికించే పని. 2020 ప్రాంతం నుంచి హైదరాబాద్ రోడ్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ చేపట్టిన లింకు, స్లిప్ రోడ్లు అవే. ఒక్కోటి అర కిలోమీటరు, రెండు కిలోమీటర్లు. ఎక్కడో ఒక గోడ తీసి, ఒక నాలా మీద కల్వర్టు వేసి, ఆగిపోయిన రెండు రోడ్లను కలపడం. వాటిలో చాలావాటికి పేరు కూడా లేదు, స్థానికులు కొత్త రోడ్డు అంటారు. ఈ నగరం రోడ్ల మీద పెట్టిన డబ్బులో రూపాయికి రూపాయి పని చేసింది వీటి మీద పెట్టిందేనని నా అభిప్రాయం. వీటికీ వ్యతిరేకులుంటారు. తమ కాలనీలోంచి బయటి బండ్లు పోతాయని అసోసియేషన్లు అడ్డుపడతాయి. వాళ్ళ భయం వట్టిదేం కాదు, పిల్లలు ఆడుకునే రోడ్డది. ఒకే ఒక్క లింకు తెరిస్తే బండ్లన్నీ అందులోకే దూరతాయి, పది తెరిస్తే ఏ ఒక్కదాని మీదా భారం పడదు. ఒక్కొక్కటిగా తెరవడం వల్లే ప్రతి కాలనీకీ తామే బలైనట్టు అనిపిస్తుంది.

ఇక ఔటర్ బయట ఇదే కథ మళ్ళీ మొదలవుతోంది. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు 2018లో చివరి ముక్కతో పూర్తయింది, 2023లో 7,380 కోట్లకు ముప్పై ఏళ్ళ లీజుకు పోయింది. ఇప్పుడు దాని అవతల సుమారు 350 కిలోమీటర్ల రీజినల్ రింగ్ రోడ్డు. దానికి భూసేకరణ గొడవలు తేలకముందే రెండు రింగుల మధ్య ఊళ్ళలో వెంచర్ బోర్డులు లేచాయి. రింగు రోడ్డు దూరం పోయేవాళ్ళది, అది ఎక్కేచోట్లు కొన్నే. ఆ రెండు రింగుల మధ్య నడిమి రోడ్లు ఎక్కడ రావాలో ఈరోజు ఒక్కో వెంచర్ విడివిడిగా తేల్చేస్తోంది.

అక్కడ ప్లాటు కొనేవాళ్ళు సాధారణంగా అడిగేవి రెండు ప్రశ్నలు. హెచ్ఎండీఏ అప్రూవ్డా? ఔటర్‌కు ఎన్ని నిమిషాలు? ఇంకో మూడు అడగాలి. మాస్టర్ ప్లాన్ పటంలో ఈ సర్వే నంబరు మీదుగా ఏదైనా ప్రతిపాదిత రోడ్డు పోతోందా, పోతే ఈ ప్లాటు అందులో ఉందా? లేఅవుట్ కాపీలో మెయిన్ రోడ్డు చివర ఏముంది, పక్క సర్వే నంబరులోకి తెరిచి ఉందా, లేక అక్కడొక ప్లాటు గీసి అమ్మేశారా? బయటికి పోవడానికి ఒకటే దారా, రెండా? మూడో ప్రశ్నకు సైట్ ఆఫీసులో కుర్రాడు నవ్వి, ముందు ముందు అన్నీ వస్తాయి సార్ అంటాడు. అప్పుడు లేఅవుట్ కాపీ చేతిలో పట్టుకుని ఆ రోడ్డు చివరిదాకా నడిచి చూడండి. గోడ ఉంటే, దాని అవతలి భూమి ఎవరిదో కనుక్కోండి.